గోడ వెనక గోడ

2015 మార్చిలో మా అమ్మాయి పుట్టింది. పురిటికని అమ్మా నాన్నగారూ లండన్ వచ్చి ఆరు నెలలు ఉన్నారు. అమ్మకు చేతినిండా పని. పసిదానికి నలుగు, స్నానం, నాకు పత్యం, పెరడులో నాలుగు గుడ్డలు ఆరేసుకునేంత ఎండ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం. పొద్దుపోనిదల్లా నాన్నగారికే. ఈస్ట్ హామ్‌లో మా అద్దె ఇంటి పైగది కిటికీ దగ్గర కూర్చుని ఎదురు వరస ఇళ్ల పొగగొట్టాలు గీసేవారు. పది రోజుల్లో వీధిలో పొగగొట్టాలన్నీ అయిపోయాయి.

నాన్నగారు డ్రాయింగ్ మాస్టారు. పెడన చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 34 ఏళ్లు పనిచేశారు. డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోయినప్పుడు అరువిచ్చే పీరియడ్ అని అందరికీ తెలిసిందే. ఆయన మాత్రం ఒక్క పీరియడ్ కూడా ఊరికే వదులుకునేవారు కాదు. నల్లబల్ల ముందు నిలబడి, సుద్దముక్క పట్టుకుని, భుజం దగ్గర్నుంచి చెయ్యి ఒక్కసారి తిప్పి గుండ్రం గీసేవారు. చెయ్యి బల్లకు ఆనేది కాదు. మొదలైన చోటే వచ్చి కలిసేది. పిల్లలు దారం పెట్టి కొలుచుకునేవాళ్లు. "మణికట్టుతో గీస్తే గుడ్డు వస్తుంది, భుజంతో గీస్తే చంద్రుడు వస్తాడు" అనేవారు.

యూరప్ చిత్రకారులు ఆయనకు తెలిసింది ఒక్క పుస్తకంలోంచి. బెజవాడ ఏలూరు రోడ్డులో పాతపుస్తకాల కొట్లో కొన్నది. అట్ట లేదు, మొదటి పాతిక పేజీలు లేవు, బొమ్మలన్నీ నలుపు తెలుపు. అందులో రెంబ్రాంట్ ముసలి మొహం ఒకటి ఉండేది. చిన్నప్పుడు నాకది భయం. నాన్నగారు భోజనం చేస్తూ కూడా ఆ పేజీ తెరిచి పెట్టుకునేవారు.

అలాంటి మనిషిని లండన్‌లో ముందుగా ఎక్కడికి తీసుకెళ్తాం? ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని పెద్ద గ్యాలరీకే తీసుకెళ్లాను. నాకు ప్రసూతి సెలవు, అమ్మ పిల్లని చూసుకుంటానంది. శనివారం కావడంతో జనం తోసుకుంటున్నారు. గది తరవాత గది, ఆ గదిలోంచి నాలుగు దారులు. రెండు గంటలయ్యేసరికి నాన్నగారు ఒక బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను.

"ఏం లేదమ్మా. పెళ్లిలో చుట్టాలందరూ ఒకేసారి పలకరించినట్టుంది. ఇంటికెళ్లాక ఎవరి మొహమూ గుర్తుండదు."

ఆ మాట పట్టుకుని నేను చిన్న చిన్న మ్యూజియాలు వెతకడం మొదలుపెట్టాను. అప్పటికి ఆరేళ్లయింది నేను లండన్ వచ్చి. ఆఫీసులో ఒకావిడ చెబితే తప్ప వాటిలో ఒక్కటైనా ఉన్నట్టే నాకు తెలియదు. ఆవిడ మొదట చెప్పిన పేరు సర్ జాన్ సోన్ మ్యూజియం.

హోబర్న్ స్టేషన్ వెనక లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అని పెద్ద తోట, దానికి ఒక పక్కన పాత ఇళ్ల వరస. అందులో 13వ నంబరు ఇల్లు. టికెట్ లేదు. లోపల ఇరుకు కాబట్టి కొద్దిమందినే వదులుతారు, మిగతావాళ్లం మెట్ల దగ్గర ఇనప కటకటాలు పట్టుకుని వరసలో నిలబడాలి. నాన్నగారు మంకీ క్యాప్, అమ్మ అల్లిన స్వెటర్, పైన నా భర్త కోటు వేసుకుని ఎంతో ఓపిగ్గా నిలబడ్డారు. తలుపు తీసినతను "వెల్‌కమ్ సర్" అంటే ఈయన నమస్కారం పెట్టారు.

సోన్ తాపీమేస్త్రీ కొడుకు. పెద్దయ్యాక బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు వాస్తుశిల్పి అయ్యాడు, 45 ఏళ్లు దాని పనే చూశాడు. సంపాదించిందంతా ఈ ఇంట్లో పోశాడు. విరిగిన రోమన్ శిల్పాలు, ప్లాస్టర్ పోతలు, కుండలు, స్తంభాల తలలు, గోడల నిండా, నేల నుంచి కప్పు దాకా. మనిషి భుజాలు ముడుచుకుని నడవాలి. కప్పులో పసుపు గాజు పెట్టాడు. బయట ముసురు పట్టి ఉన్నా లోపల సాయంకాలపు ఎండ పడుతున్నట్టుంటుంది. పొద్దున ఫలహారం చేసే గదిలో కప్పు చిన్న గొడుగులా ఉంది, దానికి గుండ్రటి కుంభాకారపు అద్దాలు పొదిగాడు. ప్రతి అద్దంలోనూ ఆ గది అంతా పెసరగింజంత అయి కనపడుతుంది. నాన్నగారు వాటిలో తన మంకీ క్యాప్ వెతుక్కున్నారు.

"పైకి పాతసామాన్ల కొట్టులా ఉంది కానమ్మా, ఇది ఒక మనిషి బుర్ర. లోపలికొచ్చి తిరుగుతున్నాం" అన్నారు.

తరవాత బొమ్మల గది. మన పల్లెటూళ్లలో వంటగదంత ఉంటుంది. అందులో నూరు పైచిలుకు బొమ్మలున్నాయంటే నమ్మబుద్ధి కాదు. గోడ మీద ఉన్నవి లెక్కపెడితే అన్ని లేవు. అక్కడ కాపలా ఉన్న పెద్దాయన మేము ఏడెనిమిది మందిమి పోగయ్యేదాకా ఆగి, గోడకున్న చిన్న పిడి పట్టుకుని లాగాడు. గోడ తలుపులా తెరుచుకుంది. తలుపు లోపలివైపూ బొమ్మలే, దాని వెనకున్న గోడ మీదా బొమ్మలే. ఎదుటివైపు గోడా అలాగే తెరిచాడు. అక్కడ వెనక ఇంకో పలక. అదీ తీస్తే ఇక గోడే లేదు. ఖాళీలోకి చూస్తే ఒక స్త్రీ శిల్పం, కింద ఎక్కడో రంగుటద్దాల కిటికీ ఉన్న ఇంకో గది.

నాన్నగారు చిన్నపిల్లాడిలా నా మోచెయ్యి పట్టుకున్నారు. "మళ్లీ తియ్యమని అడుగు" అన్నారు. నాకు మొహమాటం. అడిగాను. పెద్దాయన ఇంకో గుంపు వచ్చేదాకా ఆగమన్నాడు. ఆగాం. రెండోసారి తీసినప్పుడు నాన్నగారు బొమ్మల వైపు చూడలేదు. బందుల వైపు చూస్తున్నారు. పలక మందం ఎంత, పైనెన్ని బందులు, కిందెన్ని, బొమ్మల బరువుకు పలక వాలకుండా ఎలా ఆగింది. చేత్తో తాకకుండా గాలిలోనే జానలతో కొలిచి జేబులో పుస్తకం తీసి రాసుకున్నారు.

మూడోసారికి బొమ్మలు చూశాం. ఆ పలకల్లో ఆంగ్ల చిత్రకారుడు హోగార్త్ 1730లలో వేసిన ఎనిమిది బొమ్మల కథ ఉంది. పిసినారి తండ్రి పోతే డబ్బంతా చేతికొచ్చిన కుర్రాడి కథ. మొదటి బొమ్మలో తండ్రి పోయిన ఇంట్లోనే దర్జీ వాడికి కొత్త బట్టలకు కొలతలు తీస్తుంటాడు. అక్కడి నుంచి తాగుడు, జూదం, అప్పులు, జైలు. ఎనిమిదో బొమ్మలో పిచ్చాసుపత్రి నేల మీద ఒంటిమీద దాదాపు బట్టలేకుండా పడి ఉంటాడు. వాడు వదిలేసిన పిల్ల ఒక్కతే పక్కన కూర్చుని ఏడుస్తుంటుంది, వెనక ఇద్దరు షోకిలా ఆడవాళ్లు ఆ పిచ్చివాళ్లని వేడుక చూడటానికి వచ్చి నిలబడతారు. ఈ బొమ్మల్ని సోన్ భార్య ఎలైజా 1802లో వేలంలో పాడి కొన్నది. "మన పటం కథే" అన్నారు నాన్నగారు. "కథ చెప్పేవాడు లేడు గనక మనమే చదువుకోవాలి." నిజంగానే ఒక్కో బొమ్మా చదివారు. దర్జీ చేతిలో టేపు, నేలమీద చెప్పు, ఏదీ వదల్లేదు.

కింద నేలమాళిగలో ఈజిప్టు రాజు మొదటి సేతి శవపేటిక ఉంది. ఒకే రాతిలో తొలిచినది, ఒంటినిండా చెక్కిన బొమ్మల రాత. బ్రిటిష్ మ్యూజియం అంత ధర పెట్టలేమంటే 1824లో సోన్ 2,000 పౌన్లు ఇచ్చి కొని, మరుసటేడు మూడు రాత్రులు దీపాలు వెలిగించి ఊరి పెద్దలందర్నీ పిలిచి చూపించాడట. దాని పక్కన నాన్నగారు ఎక్కువసేపు నిలబడలేదు. ఆయన అడిగింది వేరే. "ఇంత ఇల్లు కొడుకులకివ్వకుండా సర్కారుకెందుకిచ్చాడు?"

అక్కడ అమ్మే చిన్న పుస్తకం కొని చదివి చెప్పాను. ఇద్దరు కొడుకుల్నీ తనలాగే వాస్తుశిల్పుల్ని చెయ్యాలని సోన్ కోరిక. పెద్దవాడు ఆరోగ్యం లేక ముందే పోయాడు. చిన్నవాడు జార్జ్ రచయితనవుతానని ఎదురుతిరిగాడు. అప్పుల్లో పడ్డాడు, తండ్రి తీర్చనన్నాడు. 1815లో తండ్రి కట్టడాలని చీల్చి చెండాడుతూ పేరు పెట్టకుండా ఒక పత్రికలో రాశాడు. రాసింది కన్నకొడుకేనని తెలిసిన ఎలైజా కొద్ది వారాల్లోనే చనిపోయింది. సోన్ ఆ పత్రిక ముక్కల్ని చట్రం కట్టించి, 'చావుదెబ్బలు' అని రాసి ఇంట్లో తగిలించాడు. 1833లో పార్లమెంటు చేత ఒక చట్టమే చేయించుకున్నాడు. తను పోయాక ఇల్లు ఎలా ఉన్నది అలాగే ఉండాలి, జనం వచ్చి ఊరికే చూడాలి అని. 1837లో పోయాడు. ఆయన పెట్టిన చోటనే ఇప్పటికీ అన్నీ ఉన్నాయి.

నాన్నగారు ఏమీ అనలేదు. తిరుగుప్రయాణంలో మైల్ ఎండ్‌లో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా, రైలు వచ్చే గాలి మొదలైంది, అప్పుడన్నారు:

"ఆయన కొడుకుని బలవంతంగా ఇందులోకి లాగబోయాడు. నేను నిన్ను బలవంతంగా ఇందులోంచి లాగేశాను."

నాకు ఇంటర్ అయ్యాక విశాఖ వెళ్లి ఫైన్ ఆర్ట్స్ చదవాలని ఉండేది. డ్రాయింగ్ మాస్టారి జీతం ఎంతో నాకు తెలుసు అని ఆయన వద్దన్నారు, ఇంజనీరింగ్‌లో చేరాను. మా మధ్య ఆ మాట పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ రాలేదు. రైలొచ్చింది, ఎక్కాం. పక్కపక్కనే సీట్లు దొరికాయి.

ఆ తరవాత వారానికొకసారైనా వెళ్లేవాళ్లం. వారం మధ్యలో అయితే చాలాచోట్ల మేమూ, కాపలావాళ్లూ, ఇద్దరు ముసలి ఆంగ్ల దంపతులూ, అంతే. మాంచెస్టర్ స్క్వేర్‌లో వాలెస్ కలెక్షన్‌కు వెళ్లాం. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ రద్దీకి కూతవేటు దూరం, లోపల గడియారాల చప్పుడు వినపడుతుంది. లేడీ వాలెస్ వీలునామాతో దేశానికి దక్కిన బొమ్మలూ వస్తువులూ, వాళ్లున్న ఇంట్లోనే పెట్టి 1900 నుంచి జనానికి తెరిచారు. అక్కడ డచ్చి చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ 1624లో వేసిన కులాసా రౌతుని చూశాం. నవ్వే రౌతని పేరు గానీ నవ్వడు, మీసం పైకి తిప్పి ఉంటే మనకలా అనిపిస్తుంది. నాన్నగారికి ఆ చొక్కాచేతి మీది కుట్టుపని కంటే నల్లబట్టలోని నలుపులు నచ్చాయి. "ఎన్ని నలుపులున్నాయో చూడు. మా స్కూల్లో నల్లరంగు డబ్బా ఒకటే" అన్నారు.

డల్విచ్ పిక్చర్ గ్యాలరీకి విక్టోరియా నుంచి రైల్లో వెళ్లాలి. ఊరు చివర తోటలూ బళ్లూ ఉన్న చోటు. ఇది కట్టిందీ మన సోనే అని తెలిసి నాన్నగారికి ఎంత సంతోషమో, బంధువులింటికి వెళ్తున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఇక్కడి బొమ్మలు కొన్నది లండన్ కోసం కాదు. ఇద్దరు చిత్రాల వ్యాపారులకు 1790లో పోలండ్ రాజు తన దేశానికొక గ్యాలరీ కావాలని చెబితే ఐదేళ్లు తిరిగి కొన్నారు. 1795కల్లా ఇరుగుపొరుగు రాజ్యాలు పంచుకోగా పోలండ్ అనే దేశమే పటంలో లేకుండా పోయింది, రాజుకు సింహాసనం పోయింది. బొమ్మలు వీళ్ల చేతిలో మిగిలాయి. చివరికి 1811లో డల్విచ్ కాలేజీకి చేరాయి, 1817లో గ్యాలరీ తెరిచారు. ఇంగ్లండ్‌లో జనం చూడటానికని ప్రత్యేకించి కట్టిన మొదటి చిత్రశాల ఇదే. ఆ వ్యాపారులిద్దరూ, ఒకరి భార్యా గ్యాలరీ మధ్యలోనే సమాధుల్లో ఉన్నారు. పసుపు గాజులోంచి వాళ్లమీద వెలుతురు పడుతుంది. బొమ్మల మీద కూడా వెలుతురు పైనుంచే, కిటికీల్లోంచి కాదు. గోడంతా బొమ్మలకే మిగిలింది, బొమ్మ మీద మెరుపు పడదు. నాన్నగారు తల పైకెత్తి కప్పు గీసుకుంటూ అరగంట నిలబడ్డారు. రెంబ్రాంట్ 1645లో వేసిన కిటికీ దగ్గరి అమ్మాయి అక్కడే ఉంది, ఆయనే వేసిన చిన్న పటం ఒకటి 1966 నుంచి 1983 లోపల నాలుగుసార్లు దొంగలెత్తుకుపోతే నాలుగుసార్లూ దొరికింది. ఆ కథ విన్నాక నాన్నగారు ఆ పటానికి దణ్ణం పెట్టుకున్నారు.

అమ్మ వీటికి వేటికీ రాలేదు. మోకాళ్ల నొప్పులు ఒకటి, "బొమ్మలు మీ ఇద్దరి గొడవ" అనడం ఒకటి. ఆవిణ్ణి తీసుకెళ్లిన ఒకే ఒక మ్యూజియం వాల్తమ్‌స్టోలో విలియం మోరిస్ గ్యాలరీ. మా ఇంటికి దగ్గర, పిల్లని బండిలో పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చు, వెనక పార్కుంది. మోరిస్ కుర్రతనంలో తల్లితో, తోబుట్టువులతో ఉన్న ఇల్లు అది. కవి, అచ్చుపని చేసినవాడు, సోషలిస్టు, అన్నిటికీ మించి గోడకాగితాలకూ బట్టలకూ నమూనాలు గీసినవాడు. స్ట్రాబెర్రీలు దొంగతనంగా తినే పిట్టల నమూనా ఒకటి ఆయనది, 1883 నాటిది, దిండు గలీబుల మీదా టీ కప్పుల మీదా లండనంతా ఉంటుంది.

ఆ బట్ట ముందు అమ్మ ఆగింది. నడుస్తున్నదల్లా ఆగి, కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

అమ్మది పెడన. తాతయ్య అద్దకం పని చేసేవాడు. బందరు కలంకారీ అని బజారులో పిలుస్తారు గానీ పని చేసేవాళ్ల నోట అది అద్దకమే. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ఊరబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుము బెల్లంనీళ్లలో ఊరేస్తే వచ్చే కసిమితో నలుపు గీత. ఎరుపు రావలసిన చోట అచ్చుతో పటిక అద్దుతారు. కాలవలో జాడించి, వేళ్లూ చెక్కలూ వేసి రాగి కాగులో ఉడికిస్తే పటిక పడ్డచోటే ఎరుపు పడుతుంది. అమ్మ పెళ్లయ్యేదాకా కాలవగట్టున గుడ్డలు ఎండబెట్టింది, ఆరిపోకుండా నీళ్లు చిలకరించింది.

"ఈ నీలం నీలిమందేనా?" అడిగింది.

పక్కనున్న రాత చదివి చెప్పాను. గుడ్డ మొత్తాన్ని ముందు నీలిమందు తొట్టిలో ముంచేశాడు. తరవాత తెలుపు కావలసిన చోట అచ్చుతో మందు అద్ది నీలాన్ని తీసేశాడు. ఆ తీసేసిన చోట ఎరుపూ పసుపూ ఎక్కించాడు. అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"మనవాళ్లు పూర్వం మైనం పెట్టి రంగు పట్టకుండా ఆపేవాళ్లు. ఈయన పట్టినదాన్ని తీసేశాడన్నమాట. చాలా కష్టం. ఒక్కచోట మందు ఎక్కువైతే గుడ్డ చిరుగుతుంది."

అద్దాల బీరువాలో చెక్క అచ్చులున్నాయి. అమ్మ ఒంగి వాటి అంచులు చూసింది. అచ్చు పక్కన అచ్చు ఎక్కడ కలవాలో తెలియడానికి మూలల్లో ఉండే గుర్తు కోసం వెతికింది, దొరికింది, నాన్నగారికి చూపించింది. ముప్పై నాలుగేళ్లు డ్రాయింగ్ చెప్పినాయన చేతులు వెనక కట్టుకుని ఆవిడ చెప్పింది విన్నారు. రసాయనపు రంగులు ఊరంతా ముంచేసిన రోజుల్లో మోరిస్ మళ్లీ చెట్ల వేళ్ల రంగులు నేర్చుకోవాలని లీక్ అనే ఊళ్లో రంగులవాడి దగ్గర తొట్లలో చేతులు పెట్టాడనీ, చేతులు నీలంగానే ఉండిపోయేవనీ చెప్పాను. "మా నాన్న గోళ్లు అంతే. కాష్ఠం దగ్గర కూడా నీలంగానే ఉన్నాయి" అంది అమ్మ. పిల్ల లేచి ఏడ్చింది. పార్కులో బల్ల మీద కూర్చుని పాలిచ్చాను. ఈ బందరు బట్టలే ఒకప్పుడు ఇంగ్లండుని ఎంత ఊపేశాయంటే 1721లో వాటిని కట్టుకోకూడదని చట్టం చేశారని అక్కడే ఫోనులో చదివి వినిపిస్తే అమ్మ నమ్మలేదు. "కట్టుకోవద్దనేందుకు చట్టమా!" అని మూడుసార్లు అంది. ఆ సాయంత్రం ఇండియాలో ఉన్న మా పిన్నికి ఫోన్ చేసి మొత్తం చెప్పింది.

కెన్‌వుడ్ కోసం ఎండకాలం దాకా ఆగాను. జూన్‌లో ఒక మంగళవారం పులిహోర డబ్బా, గోంగూర పచ్చడి, పెరుగన్నం కట్టుకుని నేనూ నాన్నగారూ ఆర్చ్‌వే నుంచి 210 బస్సెక్కాం. హ్యాంప్‌స్టెడ్ హీత్ అనే అడవిలాంటి మైదానం అంచున తెల్లటి పెద్ద భవనం. ముందు పచ్చిక వాలు, కింద చెరువు. గిన్నెస్ బీరు వ్యాపారపు కుటుంబం వాడైన లార్డ్ ఐవీ, భవనాన్నీ తన బొమ్మల్నీ కలిపి 1927లో జనానికి రాసిచ్చి పోయాడు. టికెట్ లేదు. డచ్చి చిత్రకారుడు వెర్మీర్ బొమ్మొకటి ఉంది, గిటార్ వాయించే అమ్మాయి. 1974లో దాన్ని దొంగలెత్తుకుపోతే కొన్ని నెలలకు ఒక చర్చి ఆవరణలో పాతపేపర్లో చుట్టి దొరికిందట. అది చూస్తున్నాం. పక్కకి తిరిగిన నాన్నగారు కదలకుండా అయిపోయారు.

ఏలూరు రోడ్డు పుస్తకంలోని ముసలాయన గోడ మీద ఉన్నాడు.

నలుపు తెలుపులో నలభై ఏళ్లు చూసిన మొహం. ముక్కు ఎర్రగా ఉంది. ఆ సంగతి నాన్నగారికి తెలియదు. తల మీద తెల్ల టోపీ, భుజాన బొచ్చు అంగీ, చేతిలో రంగులపలకా కుంచెలూ. 1665 ప్రాంతంలో వేసింది, అప్పటికి రెంబ్రాంట్ దివాలా తీసి, ఇల్లు పోగొట్టుకుని, నాలుగేళ్లలో పోబోతున్నవాడు. వెనక గోడ మీద రెండు పెద్ద గుండ్రాల అంచులు. పుస్తకంలో ఆ బొమ్మని మొహం వరకే కోసి వేశారు. గుండ్రాలున్నాయని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"ఇవేమిటి?" అన్నారు. ఎవరికీ ఖాయంగా తెలియదని చెప్పాను. ప్రపంచపటపు రెండు సగాలని కొందరంటారు. పరికరం లేకుండా ఒక్క చేతితో నిండు గుండ్రం గీయడమే చిత్రకారుడి పనితనానికి రుజువనీ, ఇటలీ చిత్రకారుడు జొట్టో అలా గీసి చూపించాడన్న పాత కథని తలుచుకుంటూ వేశాడనీ కొందరంటారు.

"రుజువే. ఇంకేమిటి" అన్నారు నాన్నగారు.

దగ్గరికెళ్లారు, వెనక్కొచ్చారు. "చేతులు చూడు, వెయ్యలేదు. నాలుగు బరుకులు బరికి వదిలేశాడు. మీసం కుంచె వెనకవైపు పుల్లతో గీకాడు. మొహం దగ్గరకొచ్చేసరికి ఎంత ఓపిక పట్టాడో!" ఆ తరవాత ఒక పని చేశారు. బొమ్మకి నాలుగడుగుల దూరంలో నిలబడి, కుడిచెయ్యి చాచి, భుజం దగ్గర్నుంచి మెల్లగా గాలిలో తిప్పారు. ఎడమవైపు గుండ్రం ఒకసారి, కుడివైపుది ఒకసారి. కాపలా అమ్మాయి కుర్చీలోంచి లేచింది. నేను వెళ్లి, మా నాన్నగారు డ్రాయింగ్ టీచరని, బొమ్మని తాకరని చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు, ఆపనూలేదు. నిలబడి చూసింది.

"భుజంతోనే గీశాడమ్మా" అన్నారు చివరికి.

పచ్చిక మీద కూర్చుని పులిహోర తిన్నాం. చెరువు అవతల నుంచి గాలి. నాన్నగారు రెండోసారి లోపలికి వెళ్లొస్తానని, నన్ను రావద్దని, ఒక్కరే వెళ్లి గంట తరవాత వచ్చారు. ఏం చూశారని నేను అడగలేదు.

ఆగస్టులో వాళ్లు వెళ్లిపోయారు. ఆ శీతాకాలం నేను ఒక్కదాన్నే హాలండ్ పార్క్ దగ్గర లెయిటన్ హౌస్‌కు వెళ్లాను. చిత్రకారుడు ఫ్రెడరిక్ లెయిటన్ తనకోసం కట్టుకున్న ఇల్లు. మధ్యలో బంగారు కప్పు, నీళ్ల కుండం, గోడలకు డమాస్కస్ నుంచి తెచ్చిన నీలి పలకలు. అంత ఇంట్లో ఆయన పడకగది ఒక్కటే, అతిథులకంటూ ఇంకోటి లేదు. బయటికొచ్చి మెట్ల మీద నుంచే నాన్నగారికి ఫోన్ చేశాను. ఇదంతా చెబుతుంటే ఆయన అడిగింది ఒకటే, "బొమ్మలు వేసే గదికి వెలుతురు ఎటునుంచి?" ఉత్తరం నుంచి అన్నాను. "అంతే, అంతే" అన్నారు. ఆ ఇల్లు నాకు నచ్చింది గానీ ఏ గదిలోనూ కాలు నిలవలేదు. పక్కన జానలతో కొలిచే మనిషి ఉండాలి.

మరుసటి సంక్రాంతికి బందరు వెళ్తే ముందుగదిలో వడ్రంగి పనిచేస్తున్నాడు. నాన్నగారు హోబర్న్‌లో రాసుకున్న పుస్తకం తెరిచి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు. ఒక గోడ మొత్తానికి టేకు పలకలు, పైన మూడు బందులు, కింద మూడు, పలక వాలకుండా నేల మీద చిన్న ఇత్తడి చక్రం. ఆ చక్రం సోన్ ఇంట్లోది కాదు, ఆయన సొంత ఆలోచన. పదకొండు వందల చిల్లర బొమ్మలు ఇనపపెట్టెల్లో చెదలకు దాచుకున్న మనిషి. ఆ గోడ మీద, గోడ వెనక గోడ మీద, నూట నలభై తగిలించుకున్నారు. సాయంత్రాలు వీధిలో పిల్లలొచ్చేవాళ్లు. అందరూ కూర్చునేదాకా ఆగి, అప్పుడు పిడి పట్టుకుని లాగేవారు.

నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. పోయిన వేసవిలో అమ్మాయిని తీసుకుని వెళ్లాను. దానికి తొమ్మిదేళ్లు నిండాయి. అమ్మ మోకాళ్లు ఇప్పుడు బాగా అరిగిపోయాయి, గోడ పట్టుకుని నడుస్తుంది. మేము భోజనాలు చేసి ముందుగదిలో చేరాక, పక్కింటి ఇద్దరు పిల్లలూ వచ్చారు. "కూచోండి, కూచోండి, ఆ పిల్ల ఇంకా చేతులు కడుక్కుని రావాలి" అంది అమ్మ. అందరూ వచ్చాక పిడి పట్టుకుని లాగింది. ఇత్తడి చక్రం కీచుమంది. మొదటి పలక వెనక పొగగొట్టాలు, ఈస్ట్ హామ్ వీధి వీధంతా. రెండో పలక వెనక డల్విచ్ కప్పు. దాని పక్కన స్ట్రాబెర్రీ పిట్టల బట్ట ముందు ఒంగి చూస్తున్న అమ్మ వీపు, జడ. నాన్నగారు అది ఎప్పుడు గీశారో తనకు తెలియదంటుంది అమ్మ. మూడో పలక తీస్తే గోడకు నల్లరంగు పూసి ఉంది, దాని మీద సుద్దతో రెండు గుండ్రాలు.

"ముట్టుకోకండి, చెరిగిపోతుంది" అంది అమ్మ.